ఆంధ్ర పితామహుడు మాడపాటి హనుమంతరావు

అర్థం కాని భాషలో వినిపించే పాఠం బాలునిపై రెండు భారాలు మోపుతుంది. ఒకటి కొత్త విషయం, రెండవది కొత్త మాట. తెలిసిన భాషలో విషయాన్ని గ్రహించినవానికి పరభాషాపదం నేర్వడం సులభం. ఈ సత్యాన్ని గుర్తించి, హైదరాబాదు నగరంలో తెలుగు బాలికల కోసం ఒక విద్యాలయాన్ని నిలబెట్టిన మహనీయుడు మాడపాటి హనుమంతరావు.

ఆయన 1885 జనవరి 22న కృష్ణా జిల్లా నందిగామ తాలూకా పొక్కునూరులో జన్మించారు. తెలుగు, సంస్కృతం, ఉర్దూ, పారశీకం, ఆంగ్లం అభ్యసించి, హైదరాబాదులో న్యాయవాదిగా స్థిరపడ్డారు. ఉర్దూలో పత్రికా రచన చేశారు. ప్రేమ్‌చంద్ కథలను తెలుగులోనికి అనువదించారు. పరభాషలపై ఆయనకు ద్వేషం లేదు. వాటిని సాధించినవారు కనుకనే, వాటి ద్వారా విద్య గరపడంలోని కష్టం ఆయనకు తెలుసు.

ఆనాటి నిజాం రాజ్యంలోని భాషావర్గాలలో తెలుగువారిదే అతిపెద్ద వర్గం. అయినా పాలనాభాష ఉర్దూ. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో బోధిస్తూ, ఆంగ్లాన్ని నిర్బంధ విషయంగా ఉంచింది. ఆంగ్లానికి బదులు దేశభాషలో ఉన్నతవిద్యను అందించడం నిజంగా గొప్ప ప్రయోగమే. కాని ఆ మేలు ఉర్దూ మాతృభాషగా గలవారికే దక్కింది. తెలుగు విద్యార్థికి ఉర్దూ, ఆంగ్లం రెండూ నేర్చుకోవలసిన భాషలే అయ్యాయి.

1921 నవంబరులో హైదరాబాదులోని వివేకవర్ధినీ పాఠశాలలో సంఘసంస్కరణ సభ జరిగింది. మహిళా విద్యకు జీవితాన్ని అంకితం చేసిన ధోండో కేశవ కార్వే దానికి అధ్యక్షులు. ఇతర భాషల ఉపన్యాసాలను ఆలకించిన సభికులు, ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో ప్రసంగించగానే గేలిచేశారు. ఆ అవమానం నుండి ఆంధ్ర జనసంఘం పుట్టింది. మాడపాటి దానికి ముఖ్య నిర్వాహకులై గ్రంథాలయాలకు, పాఠశాలలకు ప్రోత్సాహమిచ్చారు.

1928లో ఆయన కృషితో నారాయణగూడలో ఆంధ్ర బాలికల ఉన్నత పాఠశాల వెలసింది. బోధన తెలుగులోనే. అందువల్ల దానికి ఉస్మానియా గుర్తింపు లభించలేదు. గుర్తింపు లేనిదే పరీక్ష లేదు. పరీక్ష లేనిదే పైచదువు లేదు. ఉర్దూ మాధ్యమానికి మారితే చిక్కు తీరేది. మారితే పాఠశాల పుట్టిన ప్రయోజనమే నశించేది. మాడపాటి మరొక దారి వెదికారు. కార్వే 1916లో పూనాలో మహిళా విశ్వవిద్యాలయాన్ని స్థాపించారు. అందులో విషయ బోధన మాతృభాషలో సాగేది. ఆంగ్లం ఒక నిర్బంధ పాఠ్యాంశంగా ఉండేది. ఆ విశ్వవిద్యాలయంతో నారాయణగూడ పాఠశాలకు అనుబంధం కుదిరింది. బాలికలు తెలుగులోనే విషయజ్ఞానం పొందుతూ ఆంగ్లాన్నీ అభ్యసించే అవకాశం ఏర్పడింది.

మాడపాటి 1935లో సిరిసిల్ల ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించారు. తెలంగాణ ఆంధ్రోద్యమ చరిత్రను గ్రంథస్థం చేశారు. 1951లో హైదరాబాదు నగర మేయరు అయ్యారు. 1955లో భారత ప్రభుత్వం ఆయనను పద్మభూషణ్‌తో గౌరవించింది. అనంతరం శాసనమండలి అధ్యక్షులుగా సేవలందించారు. 1970 నవంబరు 11న పరమపదించారు.

కాలం మారింది. ఇప్పుడు ఉర్దూ స్థానంలో ఆంగ్లం నిలిచింది. 2022-23 విద్యాసంవత్సరం నుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో ఆంగ్ల మాధ్యమం ప్రవేశించింది. అప్పుడు ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఆంగ్లం ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ఇంట తెలుగో ఉర్దూయో హిందీయో మాట్లాడి, బడిలో ఆంగ్లపాఠం వినే పిల్లలు మైలార్‌దేవ్‌పల్లి వంటి నగర శివారులలో ఎందరో ఉన్నారు. వారికి ఆంగ్లం అవసరమే. అయితే తెలిసిన మాటను ఆసరాగా ఇచ్చి, తెలియని మాట వద్దకు చేర్చడమే ఉత్తమ బోధన. ఇంటిభాషను గడప బయట విడిచి రమ్మనని విద్యయే బాలల మనసుకు పట్టుతుందని మాడపాటి జీవితం చాటుతున్నది.