మన్యంలో రగిలిన నిప్పు: అల్లూరి, ఆయన దండు

ఒక నాయకుణ్ణి కొలవాలంటే ఆయన విగ్రహం ఎత్తు చూడటం కాదు, ఆయన వెనక నడిచినవాళ్లు ఎవరో, ఎందుకు నడిచారో, చివరకు ఏమయ్యారో చూడాలి. అల్లూరి సీతారామరాజు పేరు తెలియని తెలుగువాడు లేడు. 1974లో ఆయన కథ సినిమాగా వచ్చి ఊరూరా ఆడింది. 1986లో తపాలా బిళ్ళ వేశారు. 2022లో మన్యానికి ఆయన పేరుతోనే జిల్లా ఏర్పడింది. కాని గాం గంటందొర ఎవరు, మల్లుదొర ఎవరు, అగ్గిరాజు ఎవరు అని అడిగితే మన కళాశాలలో ఎంతమంది చెప్పగలరు? విద్యార్థి మిత్రులు ఆ ప్రశ్న వేసుకోవాలనే ఈ నాలుగు మాటలు.

నర్సీపట్నం దాటి లంబసింగి ఘాటీ ఎక్కితే చింతపల్లి. అక్కడి నుంచి ఇంకా లోపలికి పోతే గూడెం కొత్తవీధి, ఆపైన సీలేరు. ఆ కొండల్లో మనిషి బతుకు నిప్పుతో ముడిపడి ఉంటుంది. ఎండాకాలంలో కొండవాలు మీద చెట్టూ పొదా నరికి, ఎండనిచ్చి, తొలకరికి ముందు నిప్పు పెడతారు. ఆ బూడిదలో చోళ్లు, సామలు, కందులు చల్లుతారు. నాలుగు పంటలు తీసి, నేల అలిసిందనుకుంటే దాన్ని అడవికి వదిలేసి మరో వాలుకు పోతారు. దీన్నే పోడు అంటారు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. తరాల నుంచి కడుపు నింపిన ఆ నిప్పు ఒక్క కలం పోటుతో నేరమైపోయింది. కట్టె కొడితే నేరం, పశువును మేపితే జరిమానా. మన్యం అంతకుముందే ఒకసారి తిరగబడింది. కల్లు మీద వేసిన పన్ను 1879 రంప పితూరీకి ఒక కారణం. అంటే కొండల్లో నిప్పు రాజు రాకముందే ఉంది, పైకి బూడిద కప్పుకొని ఉంది, అంతే.

రాజు 1897 జూలై 4న విశాఖ జిల్లా పాండ్రంగిలో పుట్టాడు. అది అమ్మమ్మగారి ఊరు. సొంత ఊరు భీమవరం దగ్గర మోగల్లు. తండ్రి వెంకటరామరాజు ఫొటోలు తీసేవాడు. 1908లో ఆయన పోవడంతో కుటుంబం చెల్లాచెదురయింది. రాజు చదువు ఏ ఊళ్లోనూ నిలకడగా సాగలేదు. కాని జ్యోతిషం, వైద్యం, గుర్రపు స్వారీ పట్టుదలగా నేర్చుకున్నాడు. 1917లో మన్యం అంచున కృష్ణదేవిపేట చేరాడు.

మైదానం నుంచి కొండ ఎక్కినవాణ్ణి కొండవాళ్లు అంత సులువుగా నమ్మరు. నమ్మకపోవడానికి కారణాలు బోలెడు. వడ్డీ వ్యాపారి కిందినుంచే వచ్చాడు, కాంట్రాక్టరూ అక్కడినుంచే వచ్చాడు, అమీనూ అంతే. ఈ సన్యాసి మాత్రం మందిచ్చాడు, తగవులు తీర్చాడు, తాగుడు మానమన్నాడు, కోర్టులకు పోకుండా ఊరి పంచాయతీలోనే తేల్చుకోమన్నాడు. సహాయ నిరాకరణ గాలి కొండల్లోకి అలా వచ్చింది. ప్రభుత్వానికి అనుమానం వచ్చి ఆయన్ను కొన్నాళ్లు కనిపెట్టి ఉంచింది. మాన్పించడానికి పైడిపుట్టలో భూమి కూడా ఇచ్చింది. అయినా ఆయన మళ్లీ గూడెం దారి పట్టాడు.

అప్పుడు గూడెంలో డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్. రోడ్డు వేయించడానికి గిరిజనుల చేత రాళ్లు మోయించి కూలి సరిగా ఇవ్వకపోవడం, ఎదురు తిరిగితే కొట్టించడం అతని పద్ధతి. బట్టిపనుకుల గంటందొర, తమ్ముడు మల్లుదొర అతని చేతిలో నష్టపోయినవాళ్లే. ముందు అర్జీ పెట్టుకున్నారు. ఫలితం లేకపోయింది. వీళ్లిద్దరూ రాజు పక్కన చేరారు. గంటందొర నిదానస్తుడనీ, మల్లుదొర దూకుడు మనిషనీ చెప్పుకుంటారు. ఎండు పడాలు, గోకిరి ఎర్రేసు, వీరయ్యదొర లాంటివాళ్లు తోడయ్యారు. భీమవరం వైపు నుంచి వేగిరాజు సత్యనారాయణరాజు వచ్చాడు. ఆయన్నే అగ్గిరాజు అన్నారు. ఆ పేరు ఎందుకొచ్చిందో వేరే చెప్పాలా?

1922 ఆగస్టు 22న సుమారు 300 మంది చింతపల్లి పోలీసు స్టేషను మీద పడ్డారు. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. అక్కడ బంధించి ఉంచిన వీరయ్యదొరను విడిపించారు. మూడు రోజుల్లో 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు చేజిక్కాయి. ఏమేం తీసుకున్నదీ స్టేషను పుస్తకంలో రాసి రాజు సంతకం పెట్టాడు. దొంగతనానికి రాలేదని చెప్పడం అది. తరవాత మిరపకాయ టపా పేరుతో ముందే కబురు పంపి మరీ దాడికి వెళ్లేవాడని జనం ఈనాటికీ చెప్పుకుంటారు.

సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటీలో దండు పొంచి ఉంది. ముందు నడిచిన మన దేశపు పోలీసులను పోనిచ్చి, వెనక వచ్చిన స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులను కాల్చారు. పొట్టకూటికి వచ్చిన కానిస్టేబులు మీద చెయ్యి వెయ్యకూడదన్నది రాజు పెట్టిన కట్టుబాటు. చేతిలో తుపాకీ ఉండి, ఎదురుగా పగవాడి మనిషి కనిపిస్తుంటే వేలు బిగబట్టడం ఎంత కష్టమో ఆలోచించండి. ఆ కట్టుబాటును ఆ చీకటి ఘాటీలో నిలబెట్టింది పేరు కూడా మిగలని కొండ యువకులు. నాయకుడి మాట గొప్పదే, దాన్ని పాటించిన దండు అంతకు తక్కువేమీ కాదు.

అయితే నిప్పుకు ఖరీదు ఉంటుంది. మలబారు పోలీసులు దిగారు. డిసెంబరు 6న పెద్దగడ్డపాలెం దగ్గర దండు గట్టిగా దెబ్బ తింది, పలువురు చనిపోయారు. 1923 సెప్టెంబరులో మల్లుదొర పట్టుబడ్డాడు. 1924లో రూథర్‌ఫర్డ్ ప్రత్యేక అధికారిగా వచ్చాడు, వెంట అస్సాం రైఫిల్స్. కొండదారులు మూశారు. దండుకు గింజ అందకుండా చేశారు. అన్నం పెట్టిన ఊళ్లను పీడించారు. ఇల్లూ పంటా పోగొట్టుకున్నవాళ్లలో తుపాకీ పట్టనివాళ్లే ఎక్కువ. ఈ సంగతి దాచి పితూరీ కథ చెప్పడం న్యాయం కాదు.

1924 మే 6న అగ్గిరాజు పట్టుబడ్డాడు. మర్నాడు మంప దగ్గర రాజు దొరికాడు. పట్టుబడ్డాడని ప్రభుత్వం రాసుకుంది, ఊళ్లను కాపాడటానికి తానే లొంగిపోయాడని జనం నమ్మారు. ఏదైనా కానీండి, జరిగింది మాత్రం ఒకటే. కొయ్యూరు తీసుకుపోయి, విచారణ అన్నది లేకుండా, గుడాల్ ఉన్న శిబిరంలో చెట్టుకు కట్టి కాల్చారు. అప్పటికి ఆయనకు 27 ఏళ్లు నిండలేదు. మనలో పి.జి. ముగించి ఉద్యోగం వెతుక్కునే వయసు. కృష్ణదేవిపేటలో దహనం చేశారు.

నాయకుడు పోయాక కూడా గంటందొర కొండ దిగలేదు. ఇంకో నెల పోరాడి జూన్ తొలివారంలో తూటాలకు బలయ్యాడు. అగ్గిరాజును అండమాను పంపారు, అక్కడే కన్నుమూశాడు. మల్లుదొర కూడా అండమాను చూశాడు, కాని తిరిగి వచ్చాడు. 1952లో మొదటి లోక్‌సభకు విశాఖపట్నం నుంచి ఎన్నికయ్యాడు. ఏ సర్కారు స్టేషనుపై దాడి చేశాడో, ఆ గద్దె మారాక అదే ప్రజల తరఫున ఢిల్లీలో కూర్చున్నాడు. ఇంతటి జీవితాన్ని మన పాఠ్యపుస్తకాలు ఒక్క వాక్యంలో దాటేయడం విడ్డూరం కాదూ!

ఆనాటి తగవు నేల గురించి, అడవి గురించి. అది అక్కడితో తీరిందా? గిరిజన భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1970లో 1/70 చట్టం తెచ్చుకున్నాం. అడవిలో సాగు చేసుకునేవాడికి హక్కు ఉందని పార్లమెంటు ఒప్పుకోవడానికి 2006 దాకా పట్టింది. పోడును నేరం చేసిన 1882కు, హక్కు అని రాసిన 2006కు మధ్య 124 ఏళ్లు. ఆ మధ్యలో నిలబడింది ఈ దండు.

అందుకే జూలై 4న పూలదండ వేసేటప్పుడు ఒక్క పేరుతో ఆపేయకండి. గంటందొర, మల్లుదొర, అగ్గిరాజు, ఎండు పడాలు, ఎర్రేసు అని కూడా పలకండి. మన హాస్టల్లో గూడెం కొత్తవీధి నుంచో, చింతపల్లి నుంచో వచ్చిన తమ్ముడో చెల్లెలో ఉంటే, వాళ్ల తాతముత్తాతల కథ అడిగి వినండి. నిప్పును మోసినవాడు ఒక్కడు కాదు. చేతులు మారుతూ వచ్చింది కాబట్టే అది ఇంతదూరం వచ్చింది.