చెరసాలలో దొరికిన పిలుపు
శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ జీవితము

మెట్టుగూడ నుండి గాంధీ ఆసుపత్రికి వెళ్లి రోగులను చూడని వారు మన సంఘములలో అరుదు. 2003లో ఆసుపత్రి అక్కడికి వచ్చుటకు ముందు ఆ స్థలములో ముషీరాబాదు జైలు ఉండెడిది. ఆ ఎత్తైన గోడల ప్రక్కగా మన పెద్దలు ఎన్నో యేండ్లు నడిచిరి. గోడకు ఇవతల మన ఆరాధనలు, పెండ్లిండ్లు, పంట పండుగలు జరుగుచుండగా, గోడకు అవతలనున్న మనిషి ప్రొద్దుపొడుపు మొదలు ప్రొద్దుగ్రుంకు వరకు ఏమి చేయుచున్నాడో మనలో ఎందరము ఆలోచించితిమి? మత్తయి సువార్త 25వ అధ్యాయములో మన ప్రభువు చెరలోనున్న వానిని దర్శించుటను తనకు చేసిన పరిచర్యగానే లెక్కించెను.

ఈ శతవార్షిక సంచికలో మిషనరీ దొరల, దొరసానుల జీవితములను గూర్చి పలువురు వ్రాయుదురు. నేను క్రైస్తవురాలు కాని ఒక తెలుగు తల్లిని గూర్చి వ్రాయదలచితిని. చెరసాలలో ఒక్కొక్క దినము ఎట్లు గడచునో, ఆ దినములు మనిషిని ఏమి చేయునో ఆమె జీవితము మనకు నేర్పగలదు.

దుర్గాబాయిగారు 1909 జూలై 15న రాజమండ్రిలో జన్మించిరి. పెరిగినది కాకినాడలో. ఎనిమిదవ యేటనే పెండ్లి చేసిరి. జ్ఞానము వచ్చిన పిమ్మట ఆ బంధము తనకు సమ్మతము కాదని తెలిపి, భర్త మరల వివాహము చేసికొనుటకు అడ్డు చెప్పక, పుట్టినింటనే ఉండిపోయిరి. 1921లో గాంధీగారు కాకినాడ వచ్చినప్పుడు, దేవదాసీలకును ఘోషాలోనున్న ముస్లిం స్త్రీలకును ఆయన దర్శనము కలిగింపవలెనని, పండ్రెండేండ్లయినను నిండని ఈ బాలిక పట్టుబట్టి, ఐదు వేల రూపాయలు ప్రోగుచేయించి సభ జరిపించిరి. 1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభల సందర్భమున ప్రదర్శనశాల వాకిట వాలంటీరుగా నిలిచి, టిక్కెట్టు లేనందున జవహర్‌లాల్ నెహ్రూగారిని సయితము లోనికి పోనీయలేదు. బాలికలకు హిందీ నేర్పుటకు ఒక పాఠశాల కూడ స్థాపించిరి.

1930లో ఉప్పు సత్యాగ్రహము వచ్చినది. మద్రాసులో ఆ ఉద్యమమును నడిపించినవారిలో దుర్గాబాయిగారు ఒకరు. అప్పటికి ఇరువది యొక్క సంవత్సరములు నిండలేదు. 1930 మొదలు 1933 వరకు మూడుమారులు ఆమెను నిర్బంధించిరి. వేలూరు, మదురై జైళ్లలో శిక్ష అనుభవించిరి. వేలూరు అనగానే మన సంఘస్థులకు డాక్టరు ఐడా స్కడ్డరుగారి ఆసుపత్రి జ్ఞాపకమునకు వచ్చును. అదే ఊరిలో ఆ దినములలో సత్యాగ్రహము చేసిన అనేకమంది స్త్రీలు ఖైదులో నుండిరి.

ఆనాటి జైలులో ఖైదీలను ఎ, బి, సి అను మూడు తరగతులుగా విభజించెడివారు. చదువును, హోదాను బట్టి పై తరగతి వారికి మంచి భోజనము, పుస్తకములు, ఎక్కువ ఉత్తరములు లభించెడివి. సి తరగతి వారికి జైలు గుడ్డలు, జైలు కూడు, జైలు చాకిరి. సత్యాగ్రహ ఖైదీలు ఒకచోట నున్నప్పుడు చదువుకొనుచు, ఒకరికొకరు చెప్పుకొనుచు దినము గడుపగలిగిరి. దొంగతనమునకో హత్యకో వచ్చిన పేదరాలికి ఆ భాగ్యము లేదు. ఆమెకు తెల్లవారగానే లెక్క, పిమ్మట పని, సందెవేళకు మరల లెక్క, తలుపుకు తాళము. మరునాడును అంతే.

దుర్గాబాయిగారికి మదురై జైలులో కలిగిన శోధన అంతకంటె కఠినమైనది. అక్కడ ఆమెను ఇంచుమించు ఒక సంవత్సరము ఒంటరి కొట్టులో నుంచిరి. ఆ కొట్టు మరణశిక్ష పడిన ఖైదీల కొట్లకు సమీపమున నుండెను. మనిషికి అన్నము, నీళ్లు మాత్రమే చాలవు. నడుచుటకు నేల, చూచుటకు ఆకాశము, చేతికి పని, మాటాడుటకు తోడు కావలెను. ఇవి లేనిచో శరీరము, మనస్సు రెండును చెడును. ఆమెకును అట్లే జరిగినది. నరముల బలహీనతతో, చెడిన ఆరోగ్యముతో ఆమె బయటికి వచ్చిరి. 2015లో ఐక్యరాజ్య సమితి, ఇరువది యేడేండ్లు ఖైదులో గడిపిన నెల్సన్ మండేలా పేరిట ఆమోదించిన నియమములలో, ఆరుబయట పని లేని ప్రతి ఖైదీకి దినమునకు కనీసము ఒక గంట ఆరుబయట వ్యాయామము ఉండవలెననియు, పదునైదు దినములకు మించి ఎవరిని ఒంటరిగా బంధింపరాదనియు ఉన్నది. పదునైదు దినములే మితిమీరినవని లోకము నేడు ఒప్పుకొనినది. ఆమె గడిపినది ఒక సంవత్సరము!

అయినను ఆ చెర ఆమెను విరువలేకపోయినది. ఆ జైలులోనే ఆమె హత్యానేరముపై వచ్చిన స్త్రీల కథలను విన్నారు. వారిలో అనేకులు చదువురానివారు. చట్టమేమిటో, కోర్టులో ఏమి చెప్పవలెనో ఎరుగరు. తమ పక్షమున పలుకువారు లేక, చేయని నేరమును సయితము నెత్తిన వేసికొనినవారు కలరు. ఆ కథలు వినుచున్నప్పుడే, తాను న్యాయశాస్త్రము చదివి ఇట్టి స్త్రీల పక్షమున నిలువవలెనని ఆమె నిశ్చయించుకొనిరి. మనము పిలుపు అని చెప్పుకొనునది ఆమెకు అక్కడ లభించినది.

1933లో విడుదలయిన పిమ్మట ఆరోగ్యము కుదుటపరచుకొని, కాశీ హిందూ విశ్వవిద్యాలయము మెట్రిక్యులేషను పరీక్షకు ప్రయివేటుగా చదివిరి. ఆంధ్ర విశ్వవిద్యాలయములో చేరబోగా స్త్రీలకు హాస్టలు లేదనిరి. ఆమె పత్రికలో ప్రకటన వేయించి, చదువగోరు బాలికలను కూడగట్టి, హాస్టలు ఏర్పడునట్లు చేసిరి. 1939లో ఆనర్సు పట్టా పొంది, పిదప మద్రాసులో న్యాయశాస్త్రము ముగించి, న్యాయవాది అయిరి. అంతకు పూర్వమే, 1937లో, మద్రాసులో ఆంధ్ర మహిళా సభకు పునాది వేసిరి. 1946లో రాజ్యాంగ సభ సభ్యురాలైరి. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలైరి. ఆ సంవత్సరమే చింతామణ్ దేశ్‌ముఖ్‌గారితో వివాహమైనది.

జైలు తలుపు ఆమె వెనుక మూయబడినను, లోపలివారిని ఆమె మరువలేదు. 1954లో ఆ బోర్డు ఆచార్య ఎం. ఎస్. గోరేగారి అధ్యక్షతన ఒక సంఘమును నియమించి, జైళ్లనుండియు ఇతర సంస్థలనుండియు బయటికి వచ్చువారికి ఆశ్రయము, పని ఎట్లు చూపవలెనో విచారింపజేసినది. వయోజన విద్యలో చేసిన సేవకు ఆమెకు 1971లో నెహ్రూ అక్షరాస్యతా బహుమానము, 1975లో పద్మవిభూషణ్ లభించినవి. 1981 మే 9న ఆమె కన్నుమూసిరి. మెట్టుగూడకు దగ్గరలోనే ఉస్మానియా ఆవరణలో ఆంధ్ర మహిళా సభ కళాశాల, విద్యానగరులో ఆమె పేరిట ఆసుపత్రి నేటికిని కలవు. ఆ దారిన పోవు మన ఆడపిల్లలలో ఎందరికి ఆ పేరు వెనుక ఒక ఒంటరి కొట్టు ఉన్నదని తెలియును?

మన క్రైస్తవ చరిత్రలోను ఇట్టి తల్లి యున్నది. 1813లో లండను నగరములోని న్యూగేటు జైలుకు వెళ్లిన ఎలిజబెత్ ఫ్రైగారు అక్కడి స్త్రీల దుస్థితిని చూచి కలత చెందిరి. 1817లో ఆమె వాక్యమును చదివి వినిపించుటతో సరిపెట్టుకొనక, ఖైదీల పిల్లలకు బడి పెట్టిరి, తల్లుల చేతికి సూది దారము, కుట్టుపని ఇచ్చిరి. దినమునకు ఒక క్రమము ఏర్పడగానే కేకలు, కొట్లాటలు అణగినవి. ఫ్రైగారు వెలుపలినుండి లోనికి వెళ్లిరి, దుర్గాబాయిగారు లోపలినుండి వెలుపలికి వచ్చిరి. ఇద్దరును కనుగొన్న సత్యము ఒక్కటే: ఖైదీకి శిక్షగా పోవలసినది స్వేచ్ఛ మాత్రమే, మనుష్యత్వము కాదు.

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకొందును. కొన్ని యేండ్లు క్రిస్మసు కాలములో యౌవనస్థులతో కలిసి ఒక జైలుకు వెళ్లి, పాటలు పాడి, కేకులు పంచి, ప్రసంగించి వచ్చుచుంటిని. ఒకమారు తిరిగి వచ్చుచుండగా ఒక నడివయస్సు స్త్రీ నన్ను ఆపి, మడతలు పడిన కాగితమొకటి చూపి, అందులో ఏమి వ్రాసియున్నదో చెప్పుమని అడిగినది. అది కోర్టు కాగితము. వేళ మించిపోయినదని, ఎవరైనా వకీలుకు చూపించుకొమ్మని చెప్పి వచ్చివేసితిని. వకీలు ఉన్నట్లయితే ఆమె నన్ను ఏల అడుగును? మరుసటి క్రిస్మసుకు వెళ్లునప్పటికి ఆమె అక్కడ లేదు. దుర్గాబాయిగారి జీవితము చదివినప్పుడు ఆ కాగితమే నా కన్నుల యెదుట నిలిచినది.

2022 చివర మన దేశపు జైళ్లలోనున్న ప్రతి నలుగురిలో ముగ్గురు ఇంకను తీర్పు కాని విచారణ ఖైదీలే. కఠిన శిక్ష పడిన వానికి పని యైనను ఉండును. వీరికి ఆ పనియు విధింపబడదు. వాయిదా కొరకును, ములాఖత్ కొరకును ఎదురుచూచుటే దినచర్య. ఇంటినుండి ఎవరును రానివారికి అదియు లేదు.

కాబట్టి ప్రియ సంఘస్థులారా, ఈ శతవార్షికమున మన అధ్యక్ష మండలమునకు నాదొక మనవి. మనలో రిటైరైన ఉపాధ్యాయులు ఉన్నారు. వకీళ్లు ఉన్నారు. స్త్రీల మైత్రిలో కుట్టుపని నేర్పగలవారు ఉన్నారు. బంతి ఆట నేర్పగల యౌవనస్థులు ఉన్నారు. జైలు అధికారుల అనుమతి పొంది, చంచల్‌గూడకో చర్లపల్లికో సంవత్సరమునకు ఒక దినము గాక, వారమునకు ఒక గంట వెళ్లుదము. అక్షరములు నేర్పుదము, ఉత్తరము వ్రాసిపెట్టుదము, కాగితము చదివి చెప్పుదము. పాట, ప్రార్థన మానవలదు. అయితే ముందుగా వారు చెప్పునది విందము. అట్లు వినినందుననే మదురై కొట్టులో ఒక ఖైదీకి జీవితకాలపు పిలుపు దొరికినది. మనకును దొరకునట్లు ప్రభువు కృప చూపునుగాక.