చెట్ల బెరడును చదివిన నైలాండర్

విలియం నైలాండర్ 1822 జనవరి 3న ఫిన్లాండ్‌లోని ఔలు పట్టణంలో జన్మించాడు. హెల్సింకీ విశ్వవిద్యాలయంలో వైద్యశాస్త్రం అభ్యసించి 1847లో పట్టభద్రుడయ్యాడు. అయినా రోగుల నాడి పట్టడం కంటె చీమలను, తేనెటీగలను పరిశీలించడమే ఆయనకు ప్రీతికరమైంది. క్రమంగా ఆ దృష్టి చెట్ల బెరడుపై పెరిగే లైకెన్ల వైపు మళ్లింది. 1857లో లభించిన వృక్షశాస్త్ర ఆచార్యపదవిని ఆరేళ్లకే త్యజించి, 1863లో పారిస్ చేరాడు. తుదిశ్వాస వరకు అక్కడే నివసించాడు.

లైకెన్ మనకు పరాయిది కాదు. హైదరాబాదు బిర్యానీ మసాలాలో వేసే రాతిపువ్వు ఒక లైకెనే. శిలీంధ్రం, శైవలం కలిసి ఏకదేహంగా జీవించే ప్రాణి అది. దానికి వేళ్లు లేవు. గాలిలోని తేమను, వాననీటిలోని లవణాలను దేహమంతటితోను పీల్చుకుంటుంది. వాటితోపాటు విషాన్నీ పీల్చుకుంటుంది.

ఈ రహస్యం నైలాండర్‌కు పారిస్‌లోని లక్సెంబర్గ్ ఉద్యానంలో స్ఫురించింది. నగరంలో మరెక్కడా కానరాని లైకెన్లు అక్కడి చెట్లపై కనిపించాయి. అక్కడి గాలి స్వచ్ఛమైనది కనుకనే అవి బతికాయని, వాటిని బట్టి గాలి నాణ్యతను తెలుసుకోవచ్చునని 1866లో ప్రకటించాడు. వాయుకాలుష్యాన్ని కొలిచే యంత్రాలు లేని రోజులవి!

గాలి ఒక్కటే కాదు, అడవిని పెంచే తీరు కూడ ఈ అల్పజీవుల ఉనికిని నిర్ణయిస్తుందని తరువాతి శాస్త్రజ్ఞులు గ్రహించారు. మేడ్చల్, షామీర్‌పేట పరిసరాలకు ఈ విషయం బాగా వర్తిస్తుంది. ముదురు చింతచెట్టు బెరడు గరుకుగా, పగుళ్లతో ఉంటుంది. ఆ పగుళ్లలో తేమ నిలుస్తుంది. వేసవిలో ఎండి నల్లబడిన మాస్ మొక్కలు తొలకరి చినుకులకు అక్కడే తిరిగి పచ్చబడతాయి. పక్కనే బూడిదరంగు లైకెన్ మచ్చలు ఏడాదికి కొద్ది మిల్లీమీటర్ల చొప్పున విస్తరిస్తాయి. అజ్ఞానవశాన కొందరు వాటిని చెట్టుకు పట్టిన తెగులుగా భావిస్తారు. నీలగిరి చెట్టు సంగతి వేరు. దాని బెరడు పొరలుపొరలుగా ఊడిపోతుంది. పైగా కొన్నేళ్లకే దానిని నరికివేస్తారు. అంత స్వల్పకాలంలో లైకెన్ స్థిరపడలేదు. రహదారి విస్తరణలో కూలిన ఒక వృద్ధవృక్షానికి బదులు పది మొక్కలు నాటితే లెక్క సరిపోవచ్చును గాని, బెరడుపై దశాబ్దాలుగా పెరిగిన ఆ లోకం వెంటనే తిరిగి రాదు. దూలపల్లిలో శిక్షణ పొందే అటవీ సిబ్బందికైనా, కండ్లకోయ అటవీ ఉద్యానంలో విహరించే వారికైనా ముదురు చెట్టు విలువ అక్కడే తెలుస్తుంది.

నైలాండర్ లైకెన్లపై రసాయనాల చుక్కలు వేసి, మారే రంగును బట్టి జాతులను గుర్తించే పద్ధతిని ప్రవేశపెట్టాడు. నేటికీ అది వాడుకలో ఉంది. ఇంతటి సూక్ష్మదృష్టి గలవాడు ఒక గొప్ప సత్యాన్ని మాత్రం అంగీకరించలేకపోయాడు. లైకెన్ రెండు జీవుల కలయిక అని స్విట్జర్లాండ్ శాస్త్రజ్ఞుడు ష్వెండెనర్ 1869 నాటికి ప్రతిపాదించగా, నైలాండర్ కడదాకా దానిని తీవ్రంగా వ్యతిరేకించాడు. ఆ మొండితనం వల్ల మిత్రులు దూరమై, ఏకాకిగా మిగిలాడు.

లక్సెంబర్గ్ ఉద్యానంలోని లైకెన్లు కనుమరుగయ్యాయని 1896లో ఆయనే నమోదు చేయవలసి వచ్చింది. బొగ్గుపొగ వాటిని హరించింది. 1899 మార్చి 29న ఆయన పారిస్‌లో మరణించాడు. జీవితమంతా సేకరించిన వేలాది నమూనాలు హెల్సింకీ విశ్వవిద్యాలయానికి చేరాయి.