వాల్‌చంద్ హీరాచందు గారు

విశాఖ రేవునకు బోవు ఇనుపఖనిజపు బండ్లను మన కొత్తవలస స్టేషనునొద్ద దినదినమును చూచుచున్నాము. ఆ రేవు ప్రక్కనే మన దేశపు ఓడలు పుట్టుచోటు గలదని మన బాలురు కొందఱెఱుగరు. దానిని నెలకొల్పిన మహాశయుని చరిత్రము నిచ్చట జెప్పుచున్నాము.

వాల్‌చందు గారు 1882లో షోలాపురమున జన్మించెను. ఇంటి వ్యాపారము రుచింపక రైలుమార్గముల కంట్రాక్టులు చేసెను. నౌకాశాస్త్రము ఆయన చదివినది కాదు. అయినను 1919లో నరోత్తమ మొరార్జీ మొదలగువారితో గలిసి, గ్వాలియరు మహారాజునొద్ద ‘లాయల్టీ’ యను పొగయోడను కొని, సింధియా కంపెనీని స్థాపించెను. ఏప్రిలు 5న ఆ యోడ బొంబాయినుండి లండనునకు బయలుదేరెను. ఆంగ్ల కంపెనీలు కిరాయిలను తెగదింపి వీరిని ముంచజూచినవి. తుదకు 1923లో, తీరవ్యాపారముతో తృప్తిపడుదుమని సింధియావారు వారితో ఒడంబడిక చేసికొనిరి. ఇది లొంగుబాటని కొందఱందురు. బ్రతికియుండుటకు వేఱు దారి లేకుండెనని మా తలంపు.

ఓడను కొనుట వేఱు, కట్టుట వేఱు. నీటి యొడ్డున ఏటవాలు వేదికపై ఉక్కురేకులను గూర్చి, అంతటి దేహమును ఒరగిపోకుండ నీటిలోనికి జార్చవలెను. అట్టి కార్ఖానాకు 1941 జూను 21న విశాఖలో రాజేంద్రప్రసాదు గారిచే శంకుస్థాపన జరిగెను. మఱుసటి యేడు ఏప్రిలు 6న జపానువారి బాంబులు రేవుపై బడినవి, పని నిలిచిపోయెను. యుద్ధము ముగిసిన పిమ్మట మరల సాగి, 1948 మార్చి 14న 8,000 టన్నుల ‘జలఉష’ నెహ్రూగారిచే నీట దింపబడెను.

మఱుసటి సంవత్సరమే వాల్‌చందు గారికి పక్షవాతము తగిలెను. 1952లో కార్ఖానాలో అధికభాగము ప్రభుత్వపరమై, హిందూస్థాన్ షిప్‌యార్డు అను పేరు పొందెను. 1953 ఏప్రిలు 8న ఆయన కాలధర్మము నొందెను.