రహీం సాబ్: మైదానానికి జనాన్ని రప్పించిన ఉపాధ్యాయుడు

న్యూఢిల్లీలోని మునిర్కా పరిసరాల్లో నివసించే తెలుగువారు ఇండియా గేట్ వైపు వెళ్లినప్పుడల్లా మేజర్ ధ్యాన్‌చంద్ జాతీయ క్రీడామైదానాన్ని చూస్తూనే ఉంటారు. నేడు హాకీకి నిలయమైన ఆ ప్రాంగణంలోనే 1951 మార్చిలో తొలి ఆసియా క్రీడలు జరిగాయి. ఫుట్‌బాల్ ఫైనల్లో భారత జట్టు ఇరాన్‌ను 1-0 తేడాతో ఓడించి స్వర్ణ పతకం గెలుచుకుంది. ఏకైక గోల్ మేవాలాల్ సాధించారు. ఆ జట్టును తీర్చిదిద్దిన శిక్షకుడు హైదరాబాద్‌కు చెందిన ఒక బడిపంతులు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. క్రీడాలోకం ఆయనను రహీం సాబ్ అని గౌరవంగా పిలుచుకుంది.

భారత ఫుట్‌బాల్ మైదానాల్లో ఖాళీ కుర్చీలు కనిపించినప్పుడల్లా టికెట్ల ధరల గురించి, ప్రచారం గురించి, క్రికెట్ ఆధిపత్యం గురించి చర్చ జరుగుతుంది. రహీం జీవితం ఈ చర్చకు మరో కోణాన్ని అందిస్తుంది. ప్రేక్షకుడు మైదానానికి రావాలంటే ముందుగా ఆట ప్రేక్షకుడి వీధిలోకి, బడిలోకి వెళ్లాలన్నది ఆయన కృషి చెప్పే పాఠం.

బడి నుంచి మైదానానికి

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ ఫుట్‌బాల్ ఆడారు. చదువు పూర్తయ్యాక ఉపాధ్యాయ వృత్తిని చేపట్టి, కాచిగూడ, చాదర్‌ఘాట్ పాఠశాలలతో సహా నగరంలోని పలుచోట్ల పనిచేశారు. పిల్లలకు పాఠం చెప్పే ఓర్పు, ఒక్కొక్కరి బలహీనతను గుర్తించి సరిదిద్దే నేర్పు ఆయనకు తరగతి గదిలోనే అలవడ్డాయి. తరువాతి కాలంలో దేశంలోని అత్యుత్తమ ఆటగాళ్లకు శిక్షణ ఇచ్చినప్పుడు కూడా ఆయన పద్ధతి ఉపాధ్యాయుడిదే.

1940వ దశకంలో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి బాధ్యతలు స్వీకరించిన రహీం స్థానిక పోటీలను క్రమబద్ధం చేశారు. చిన్న వయసు వారికి ప్రత్యేక పోటీలు పెట్టారు. బంతిని ఎక్కువసేపు తన వద్దే ఉంచుకోకుండా వెంటనే సహచరునికి అందించాలనే నిబంధనతో కొన్ని పోటీలు, బలహీనమైన కాలితోనే ఆడాలనే నిబంధనతో మరికొన్ని నిర్వహించారు. చూసేవారికి ఇవి వినోదం, ఆడేవారికి శిక్షణ. ఖరీదైన సామగ్రి గానీ, పెద్ద స్టేడియం గానీ వీటికి అవసరం లేదు. ఒక బంతి, కొంత ఖాళీ స్థలం, ఒక క్రమశిక్షణ ఉంటే చాలు.

ఇలాంటి పోటీల్లో ఆడేవారు ఎక్కడి నుంచో వచ్చినవారు కారు. చూసేవారికి వారు అన్నదమ్ములు, పొరుగింటి పిల్లలు, తోటి ఉద్యోగులు. ఎరిగిన పేరు, ఎరిగిన ముఖం మైదానంలో ఉన్నప్పుడు ప్రేక్షకుడిని వేరుగా పిలవనక్కరలేదు.

పోలీసు జట్టు పేరుప్రతిష్ఠలు

1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు శిక్షకునిగా రహీం పేరు దేశమంతటా వినిపించింది. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. అప్పట్లో ఢిల్లీ వేదికగా జరిగిన డ్యూరాండ్ కప్‌ను 1950, 1954, 1957 సంవత్సరాల్లో కైవసం చేసుకుంది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత ఆంధ్రా పోలీస్ పేరుతో 1961లో మరోసారి ఆ కప్‌ను అందుకుంది. రాష్ట్ర జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని కూడా హైదరాబాద్ 1956-57, 1957-58 సీజన్లలో వరుసగా రెండుసార్లు సాధించింది. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ వంటి కలకత్తా దిగ్గజాలకు దీటుగా నిలిచిన దక్షిణాది జట్టుగా హైదరాబాద్ పేరు తెచ్చుకుంది.

నాటి ఫుట్‌బాల్ ఆర్థిక వ్యవస్థ నేటి దానికి పూర్తిగా భిన్నం. టెలివిజన్ హక్కులు లేవు, చొక్కాలపై వాణిజ్య ప్రకటనలు లేవు. పోటీల నిర్వాహకులకు గేటు వద్ద అమ్ముడయ్యే టికెట్ల సొమ్ము ముఖ్యమైన ఆధారం. జనాన్ని రప్పించగల జట్టుకే ఆహ్వానం, ఆదరణ దక్కేవి. అయితే ఆ రాబడి ఆటగాళ్లను సంపన్నులను చేయలేదు. హైదరాబాద్ ఆటగాళ్లకు జీవనాధారం పోలీసు శాఖలో ఉద్యోగం. నెల జీతం నిలకడగా అందుతుంది కనుక సాధనకు వీలు చిక్కేది. ఆటను నమ్ముకుంటే కుటుంబం నిలబడుతుందన్న ధీమా ఆ ఉద్యోగాలు కల్పించాయి. రహీం తయారుచేసిన పిల్లలకు అదే ముందున్న దారి.

హెల్సింకీ గాయం, మెల్‌బోర్న్ వెలుగు

జాతీయ జట్టుతో రహీం ప్రయాణం విజయాలతోనే సాగలేదు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో భారత్ 1-10 తేడాతో చిత్తుగా ఓడింది. చలిలో, తడి నేలపై పలువురు భారత ఆటగాళ్లు ఉత్త కాళ్లతో ఆడారు. ఆ పరాజయం తరువాత అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లను తప్పనిసరి చేసింది. రహీం ఆ ఓటమి నుంచి నేర్చుకున్నారు. విదేశీ జట్ల ఆటతీరును శ్రద్ధగా అధ్యయనం చేసి, రక్షణ వరుసను, దాడి వరుసను కొత్తగా అమర్చారు. శారీరక దారుఢ్యానికి, వేగంగా బంతి అందించడానికి ప్రాధాన్యమిచ్చారు.

ఫలితం 1956లో మెల్‌బోర్న్‌లో కనిపించింది. ఒలింపిక్స్‌లో భారత్ ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ సాధించారు. సెమీఫైనల్లో యుగోస్లావియా చేతిలో 1-4తో, కాంస్య పతక పోరులో బల్గేరియా చేతిలో 0-3తో ఓడి భారత్ నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారత్‌కు నేటికీ అదే అత్యుత్తమ ఫలితం. ఆ జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం వంటి హైదరాబాద్ ఆటగాళ్లు ఉన్నారు. బలరాం సికింద్రాబాద్ శివారులోని అమ్ముగూడకు చెందిన నిరుపేద కుటుంబంలో పుట్టి, రహీం దృష్టిలో పడి, దేశం గర్వించదగిన ఫార్వర్డ్‌గా ఎదిగారు.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో భారత్ పతకం తేలేకపోయినా ఫ్రాన్స్‌ను 1-1తో నిలువరించింది. హంగరీ చేతిలో 1-2 స్వల్ప తేడాతోనే ఓడింది. ఎనిమిదేళ్ల క్రితం పది గోల్స్ సమర్పించుకున్న దేశానికి అది చిన్న పురోగతి కాదు. రహీం కుమారుడు ఎస్.ఎస్.హకీం కూడా ఆ ఒలింపిక్ జట్టులో సభ్యుడు. ఆయన తరువాత అంతర్జాతీయ రిఫరీగా పేరు తెచ్చుకున్నారు.

జకార్తాలో చివరి విజయం

1962 నాటికి రహీం ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. అయినా జకార్తా ఆసియా క్రీడలకు జట్టును సిద్ధం చేశారు. తొలి పోరులో దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడిన భారత్, తరువాత థాయ్‌లాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో, సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంను 3-2తో ఓడించింది.

సెప్టెంబర్ 4న జరిగిన ఫైనల్‌కు లక్ష మంది వరకు ప్రేక్షకులు హాజరయ్యారు. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులకు ఇండోనేషియా ప్రవేశం నిరాకరించడాన్ని ఆసియా క్రీడల సమాఖ్యలో భారత ప్రతినిధి జి.డి.సోంధి తప్పుపట్టడంతో అక్కడి జనంలో భారత్‌పై ఆగ్రహం పెల్లుబికింది. స్టేడియం యావత్తూ భారత్‌కు వ్యతిరేకంగా అరుస్తుండగా ఆట మొదలైంది. తలకు గాయమై కుట్లు పడిన జర్నైల్ సింగ్‌ను రహీం రక్షణ స్థానం నుంచి తప్పించి ముందు వరుసలో ఆడించారు. పి.కె.బెనర్జీ ఒక గోల్, జర్నైల్ సింగ్ మరో గోల్ సాధించారు. తొలి పోరులో తమను ఓడించిన దక్షిణ కొరియానే 2-1తో జయించి భారత్ స్వర్ణం అందుకుంది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు ఆ తరువాత మరో స్వర్ణం రాలేదు.

ఆ విజయం తరువాత ఏడాది కూడా తిరగకుండానే, 1963 జూన్ 11న రహీం కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 53 ఏళ్లు.

ఆయన లేని మైదానాలు

రహీం నాటిన విత్తనాలు కొంతకాలం ఫలించాయి. హైదరాబాద్‌కే చెందిన సయ్యద్ నయీముద్దీన్ నాయకత్వంలో భారత్ 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచింది. శిష్యుడు పి.కె.బెనర్జీ కలకత్తాలో అగ్రశ్రేణి శిక్షకునిగా ఎదిగారు. 1997 జూలై 13న సాల్ట్‌లేక్ స్టేడియంలో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ జట్ల మధ్య జరిగిన ఫెడరేషన్ కప్ సెమీఫైనల్‌ను 1,31,781 మంది చూశారు. భారత క్రీడా చరిత్రలో అరుదైన ఆ పోరులో 4-1తో గెలిచిన ఈస్ట్ బెంగాల్‌కు శిక్షకుడు బెనర్జీయే.

హైదరాబాద్‌లో మాత్రం ఆట క్రమంగా నీరసించింది. శాఖాపరమైన జట్లలో కొత్త ఉద్యోగాలు తగ్గాయి. బస్తీల్లోని ఖాళీ స్థలాలు కట్టడాలుగా మారాయి. 1983 ప్రపంచకప్ విజయం తరువాత క్రికెట్ ఇంటింటికీ చేరింది. టెలివిజన్ విదేశీ ఫుట్‌బాల్‌ను కూడా ఇంట్లోనే చూపించింది. టికెట్ కొని, బస్సెక్కి, ఎండలో కూర్చుని స్థానిక జట్టు ఆట చూడవలసిన అవసరం తగ్గిపోయింది.

2018 జూన్ 1న ముంబైలో భారత్ 5-0తో చైనీస్ తైపీని ఓడించిన రోజున స్టేడియంలో ఉన్నది 2,569 మంది మాత్రమే. మరునాడు కెప్టెన్ సునీల్ ఛెత్రీ అభిమానులను మైదానానికి రావలసిందిగా వేడుకున్నారు. జూన్ 4న కెన్యాతో జరిగిన పోరుకు టికెట్లన్నీ అమ్ముడయ్యాయి. మూడు రోజుల్లో జట్టు మారలేదు, మైదానం మారలేదు. తమ రాక జట్టుకు అవసరమని ఎవరో తమతో నేరుగా చెప్పడమే ప్రేక్షకులను కదిలించింది. అయితే ప్రతి పోరుకూ కెప్టెన్ వేడుకోలేరు. ఆ బంధాన్ని నిత్యం నిలిపి ఉంచేది స్థానిక పోటీలు, స్థానిక ఆటగాళ్లే.

హైదరాబాద్ ఎఫ్‌సీ కథ ఇదే విషయాన్ని గుర్తుచేస్తుంది. 2019లో ఏర్పడిన ఆ క్లబ్ గచ్చిబౌలిని సొంత మైదానంగా చేసుకుని, 2022 మార్చి 20న ఇండియన్ సూపర్ లీగ్ విజేతగా నిలిచింది. కొవిడ్ కారణంగా ఆ సీజన్ పోటీలన్నీ గోవాలోనే జరగడంతో నగర ప్రజలకు తమ జట్టు విజయయాత్రను సొంత మైదానంలో చూసే అవకాశం దక్కలేదు. మూడేళ్లు గడిచేసరికి, 2025లో, ఆ క్లబ్ ఢిల్లీకి తరలి కొత్త పేరు పెట్టుకుంది. ఒకనాడు హైదరాబాద్ పోలీసు జట్టు ఢిల్లీకి వచ్చి కప్పు గెలిచి ఇంటికి తిరిగి వెళ్లేది. ఈసారి వచ్చిన జట్టు తిరిగి వెళ్లలేదు.

రహీం జీవితం ఆధారంగా తీసిన హిందీ చిత్రం మైదాన్ 2024లో విడుదలై కొత్త తరానికి ఆయనను పరిచయం చేసింది. సినిమా ఆయన పేరును నిలబెట్టగలదు. ఆయన పనిని నిలబెట్టవలసింది మాత్రం పాఠశాలలు, క్రీడా సంఘాలు, ప్రభుత్వ శాఖలు. టికెట్ ధర తగ్గిస్తే ఒక సాయంత్రం గ్యాలరీ నిండవచ్చు. పేరుపెట్టి పిలుచుకోగల ఆటగాడు ప్రతి బస్తీ నుంచీ వచ్చినప్పుడే ఆ గ్యాలరీ ఏడాది పొడవునా నిండుతుంది. కాచిగూడ బడిలో పాఠాలు చెప్పిన ఉపాధ్యాయుడు ఏడు దశాబ్దాల క్రితం ఆచరించి చూపింది అదే.