దంతవైద్యుడు ఎడ్మండ్ కెల్సు

పంటినొప్పితో వైద్యుని కడకేగువారికి నేడు ఎక్స్‌-రే చిత్రము తీయుట సర్వసామాన్యము. క్షణములో ముగియు ఆ పని కొరకు మొదటి దినములలో చేతిని గోల్పోయిన వైద్యుడొకడు గలడు. ఆయనయే అమెరికా దేశమందలి న్యూ ఆర్లియన్స్ నగరవాసి ఛార్లెస్ ఎడ్మండ్ కెల్సు.

కెల్సు 1856లో జనించెను. తండ్రియు దంతవైద్యుడే. కుమారుడు న్యూయార్కులో విద్య ముగించి 1878లో పట్టము నొంది, స్వనగరమున వృత్తి నవలంబించెను. విద్యుద్యంత్రములపై ఆయనకు మిక్కిలి మక్కువ. శస్త్రచికిత్సలో రక్తమును పీల్చివేయు యంత్రమును గూడ ఆయన కల్పించెను.

1895 నవంబరు 8వ తేదీన జర్మనీలో రాంట్‌జెన్ పండితుడు ఎక్స్‌-కిరణములను కనుగొనెను. మరుసటి జనవరిలోనే ఆ దేశపు దంతవైద్యుడు వాల్కాఫ్ తన దంతముల చిత్రమునే తీయించుకొనెను. అందులకు 25 నిమిషములు కదలక యుండవలసివచ్చెను. ఆ యేడే కెల్సు యంత్రమును సమకూర్చుకొని, జూలైలో ఆష్‌విల్ పట్టణమున దంతవైద్యుల సభయెదుట దానిని నడిపి చూపెను. 1899లో పంటివేరు నాళములో సీసపు తీగ నుంచి చిత్రము తీసి, ఆ నాళపు పొడవును కనిపెట్టెను. అంతవరకు వైద్యులు చీకటిలో తడవుకొనినట్లు చేయుచుండిన పని అది.

అయితే ఆ కిరణములు కంటికి కనబడవు, తగిలినను తెలియదు. నాటి గాజునాళికల బలము దినమున కొక తీరుగ నుండెడిది. దానిని సరిచూచుటకు కెల్సు తన చేతినే కిరణములకు అడ్డముగా నుంచి, ఎముకలు స్పష్టముగా కనబడువరకు నాళికను సవరించుచుండెను. బోస్టను దంతవైద్యుడు విలియం రోలిన్సు 1901లోనే ఈ కిరణముల కీడును గూర్చి హెచ్చరించెను గాని, ఆలకించినవారు కొద్దిమంది. కొన్నియేండ్లకు కెల్సు చేతిపై పుండ్లు లేచి, పుట్టకురుపుగా మారెను. అనేక శస్త్రచికిత్సలు జరిగెను. మొదట వ్రేళ్లు, తరువాత హస్తము, తుదకు చేయియే తీసివేయబడెను. ఆ వేదనకు తాళజాలక 1928 మే నెలలో ఆయన తనువు చాలించెను.

ఆయన నాటిన విత్తు నేడు పెద్ద వృక్షమైనది. ఒకటి రెండు దంతములను వేరు కొన వరకు చూపు చిన్న చిత్రము వేరుచీమును, ఎముక క్షయమును తెలుపును. 1925లో రేపరు అను వైద్యుడు ప్రవేశపెట్టిన, పండ్లు కరచిపట్టి తీయు చిత్రము రెండు పండ్ల నడుమ దాగిన పుచ్చును బయటపెట్టును. పండ్ల నడుమ అడ్డముగా నుంచి తీయునది అంగిలిలో నిలిచిపోయిన దంతమును చూపును. ముఖము చుట్టును తిరుగు యంత్రము రెండు దవడలను, మొలవని జ్ఞానదంతములను ఒకే చిత్రమున నిలుపును.

నేడు కిరణముల మోతాదు మిక్కిలి స్వల్పము. అవసరము లేనిదే చిత్రము తీయరాదనునది నియమము. చిత్రము తీయువాడు తన చేతితో ఫిల్మును పట్టుకొనక దూరముగా నిలుచును. బాలబాలికలారా, దంతవైద్యుడు మీట నొక్కుటకు ముందు గది వెలుపలికి పోవుట చూచినపుడు, ఆ జాగ్రత్త కెల్సు వంటివారి చేతులను వెలగా నిచ్చి కొనబడినదని జ్ఞప్తి నుంచుకొనుడు.