పశువుల దుంపలో పంచదార

మనకి పంచదార అంటే చెరకే. కానీ యూరప్‌లో ఎక్కువ పంచదార షుగర్ బీట్ అనే దుంప నుంచి వస్తుంది. మన బీట్‌రూట్‌కి అది దగ్గర చుట్టమే, కాకపోతే తెల్లగా, లావుగా ఉంటుంది. 250 ఏళ్ల క్రితం ఆ పంటే లేదు. అప్పట్లో ఉన్నది ఆవులకి మేతగా వేసే బీట్. అందులోంచి పంచదార పంటని బయటికి తీసిన మనిషి ఫ్రాంజ్ కార్ల్ అషార్.

ఆయన 1753లో బెర్లిన్‌లో పుట్టాడు. వాళ్లది ఫ్రాన్స్ నుంచి వలస వచ్చిన కుటుంబం. అక్కడి సైన్స్ అకాడమీలో మార్‌గ్రాఫ్ అనే కెమిస్ట్ దగ్గర పనిచేశాడు. బీట్‌లో ఉండే తీపి, చెరకులో ఉండే పంచదార ఒకటే అని మార్‌గ్రాఫ్ 1747లోనే కనిపెట్టాడు. కానీ అది చాలా కొంచెమే వచ్చేది కాబట్టి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. మార్‌గ్రాఫ్ 1782లో చనిపోయాక ఆ పనిని అషార్ అందుకున్నాడు.

ఆయన ముందు మెషీన్ గురించి ఆలోచించలేదు, మొక్క గురించి ఆలోచించాడు. బెర్లిన్ పక్కన కౌల్స్‌డోర్ఫ్ అనే ఊళ్లో రకరకాల బీట్‌లు వేశాడు. ఎర్రవి, పసుపువి, తెల్లవి, గుండ్రటివి, పొడుగువి. ఏ రకంలో తీపి ఎక్కువ, ఏ మట్టిలో బాగా వస్తుంది అని ఒక్కోటి పోల్చి చూశాడు. చివరికి తొక్కా లోపలా తెల్లగా ఉండి, కింద సన్నబడే రకం గెలిచింది. మన భాషలో చెప్పాలంటే ఇదొక సెర్చ్. రైతులు తరతరాలుగా ఆవుల కోసం అన్ని రకాలు కాపాడుకుంటూ వచ్చారు కాబట్టే, వెతకడానికి ఆయనకి ఏదో ఒకటి ఉంది.

1799లో తను తీసిన పంచదారని ప్రష్యా రాజుకి చూపించి సాయం అడిగాడు. రాజు డబ్బిచ్చాడు. సిలీసియాలోని కూనర్న్‌లో, అంటే ఇప్పటి పోలాండ్‌లో, 1802లో ప్రపంచంలోనే మొదటి బీట్ పంచదార ఫ్యాక్టరీ నడిచింది. లాభం మాత్రం రాలేదు, అప్పులు పెరిగాయి. 1807లో ఫ్యాక్టరీ కాలిపోయింది.

సరిగ్గా అప్పుడే కథ తిరిగింది. నెపోలియన్ 1806లో బ్రిటన్‌తో వ్యాపారం ఆపేయడంతో, కరీబియన్ దీవుల్లో బానిసల చేత పండించిన పంచదార యూరప్‌కి రావడం బాగా తగ్గిపోయింది. 1811లో నెపోలియన్ ఫ్రాన్స్‌లో పెద్ద ఎత్తున బీట్ వేయమని ఆర్డర్ ఇచ్చాడు. యూరప్ అంతా ఆయన పద్ధతి వెనక పడుతుంటే, అషార్ మళ్లీ కట్టుకున్న చిన్న ఫ్యాక్టరీలో కుర్రాళ్లకి పని నేర్పిస్తున్నాడు. 1821లో పేదవాడిగానే పోయాడు.

ఆయన దుంపలో పంచదార సుమారు 6 శాతం ఉండేది. ఇప్పటి రకాల్లో 16 నుంచి 20 శాతం ఉంటుంది. అయితే దీనికి ఒక రేటు కట్టాల్సి వచ్చింది. ఇప్పటి షుగర్ బీట్ చాలావరకు ఆ సిలీసియా తెల్ల దుంప వంశమే. వంశం ఇరుకైతే ఒక్క తెగులు చాలు, అందరూ ఒకేసారి పడిపోవచ్చు. రైజోమేనియా అనే వైరస్ తెగులు వేర్లని పాడుచేస్తూ దేశాలు దాటినప్పుడు, దాన్ని తట్టుకునే జీన్ ఒకటి డెన్మార్క్ సముద్రతీరంలో ఎవరూ నాటకుండా పెరిగే అడవి బీట్‌లో దొరికింది.

అందుకే బ్రీడర్లు ఇప్పుడు పాత పశువుల బీట్ రకాల వైపు కూడా మళ్లీ చూస్తున్నారు. అవి, షుగర్ బీట్, అడవి బీట్ అన్నీ ఒకే జాతి, సులువుగా కలుస్తాయి. ఆ పాత విత్తనాలు జీన్ బ్యాంకుల్లో చల్లగా దాచి ఉన్నాయి. అషార్ ఆ గుంపులోంచి తీపి ఒక్కటే ఎంచుకున్నాడు. కరువుని, తెగుళ్లని తట్టుకునే గుణాలు ఆయన పక్కన పెట్టేసిన దుంపల్లో ఇంకా ఎన్ని ఉన్నాయో, వాటిని వెతికే పని మన తరానిది.